ఉపకార వేతనం బహుమతి కాదు

కువైట్లో ఎండలు తగ్గితే మన సభలు మొదలవుతాయి. నవంబరు నుంచి ఉగాది దాకా ప్రతి శుక్రవారం ఎక్కడో ఒకచోట ఏదో ఒక తెలుగు సంఘం వార్షికోత్సవం. సంఘాలు వేరైనా కార్యక్రమ పత్రం ఒకటే. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, పిల్లల కూచిపూడి, ముఖ్య అతిథి ప్రసంగం, ఆ తర్వాత సరిగ్గా భోజనాలకు ముందు "పేద విద్యార్థులకు ఉపకార వేతనాల ప్రదానం". ఈ చివరి అంశం గురించే నా మాటలు.

అట్టమీద అంటించిన ఆరడుగుల చెక్కును నలుగురు పట్టుకుని నిలబడతారు. దాని మీది సున్నాలు వెనక వరుసకు కూడా కనబడతాయి. తెరమీద దేశంలో వున్న పిల్లదో పిల్లవాడిదో ఫొటో పడుతుంది. మైకు ముందున్నాయన పేరు, వూరు, కాలేజీ, ఇంటరులో వచ్చిన మార్కులు చదువుతాడు. అంతటితో ఆగడు. తండ్రి పోయాడనీ, తల్లి ఇక్కడ ఫలానా ప్రాంతంలో అరబ్బీల ఇంట్లో పనిచేస్తున్నదనీ కూడా చదువుతాడు. చప్పట్లు. దాతకు శాలువా. మర్నాడు ఆ పిల్ల సెల్‌ఫోనులో రికార్డు చేసి పంపిన కృతజ్ఞతా సందేశం వాట్సాపు గ్రూపులన్నిటిలో తిరుగుతుంది. పంపకపోతే వచ్చే ఏడు తన పేరు జాబితాలో వుండదేమోనని ఆ పిల్ల భయం.

దాతల మీద నాకు ఫిర్యాదు లేదు. పొద్దున అయిదింటికి బస్సెక్కి రాత్రి గదికి చేరేవాళ్ళు, ఎనిమిదిమంది ఒక గదిలో సర్దుకునేవాళ్ళు కూడా తమ జీతంలోంచి తీసి ఇస్తున్నారు. ఫిర్యాదు కార్యవర్గాల మీద, వాటిని ఎన్నుకుని చప్పట్లు కొట్టే మనమీద. మనం ఇస్తున్నదానికి ఉపకార వేతనమని పేరు పెట్టుకున్నాం గాని, ఇస్తున్నది బహుమతి. ఆ రెంటినీ కలిపేయడం వల్ల నష్టపోతున్నది చదువుకునే పిల్లలు.

ఆ మాటనే చూడండి. ఉపకారం, వేతనం. పెద్దలు ఈ రెండు మాటలనీ ఎందుకు జతచేశారో గాని మంచి పనే చేశారు. వేతనమంటే నెలనెలా వచ్చేది. దాన్ని లెక్కలో పెట్టుకుని మనిషి బియ్యం తెచ్చుకుంటాడు, అద్దె కట్టుకుంటాడు. మన కంపెనీ మన జీతాన్ని ఏడాదికొకసారి వేదిక మీద పిలిచి, మన ఇంటి సంగతులు మైకులో చదివి ఇస్తానంటే వూరుకుంటామా? రెండు నెలలు ఆలస్యమైతేనే ఎంబసీ గుమ్మం ఎక్కుతామే! బహుమతి వేరు. అది గెలిచినవాడికి ఇస్తారు, అందరూ చూస్తుండగా ఇస్తారు, ఒక్కసారే ఇస్తారు, ఇచ్చేవాడికి వీలైన రోజున ఇస్తారు. పరుగుపందెంలో గెలిచినవాడికి కప్పు ఇచ్చినట్టు ఇస్తారు. అవసరంలో వున్న విద్యార్థికి కావలసింది కప్పు కాదు. మెస్సు బిల్లు కట్టాలి.

మొదట మార్కుల సంగతి తేల్చుకుందాం. మన దరఖాస్తు ఫారాల్లో మొదటి షరతు అదే గదా. ఒక సంఘం ఎనభై అయిదు శాతం అంటుంది, ఇంకొకటి తొంభై అంటుంది. కారణం అడిగితే, "దాతల సొమ్ము అండీ, అర్హులకే పోవాలి" అంటారు. అర్హత అంటే అవసరమా, ర్యాంకా? ఈ ప్రశ్న అడగకుండానే ఫారం అచ్చు వేస్తున్నారు.

మన గోదావరి తీరంలోనే ఒక కథ వున్నది. కువైట్ వాళ్ళకు అది బాగా దగ్గర కథ. ఇవాళ కోనసీమ నుంచి, రాయచోటి, రాజంపేట నుంచి మనం గల్ఫుకు వచ్చినట్టే, నూరేళ్ళ కిందట ఆ తీరపు జనం ఓడలెక్కి రంగూన్ పోయేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదనే అక్కడ తెలుగువాళ్ళందరినీ "కోరంగీలు" అనేవారు. రేవులో బస్తాలు మోసింది, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చింది వాళ్ళే. 1930లో రంగూన్ రేవులో అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బలు తిన్నదీ వాళ్ళే. అలా బర్మా వెళ్ళి సంపాదించినవారిలో మల్లాడి సత్యలింగ నాయకర్ ఒకరు. సంపాదించిన ఆస్తిని కాకినాడలో చదువులకూ ధర్మకార్యాలకూ రాసిపెట్టారు. ఎమ్మెస్సెన్ చారిటీస్ అంటే కాకినాడ జగన్నాథపురంలో ఇవాళ్టికీ రిక్షావాడికి కూడా తెలుసు.

ఆ ధర్మనిధి మాట ఇచ్చిన విద్యార్థుల్లో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా ప్రయాణానికి ఈ నిధి సాయం చేస్తామని ఇచ్చిన భరోసా ఒకటి, మామగారు కూడగట్టిన డబ్బు ఒకటి ఆధారం. 1922 అక్టోబరులో బోస్టన్లో దిగారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేసుకుంటూ చదివారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఫిస్క్ పేరుతో కలిపి ఆయన పేరు నిలిచింది. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు వ్యాధికి మందు, కేన్సరు వైద్యంలో వాడుతున్న మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయనా ఆయన పర్యవేక్షణలోని బృందాలూ చేసిన పని.

ఈ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. చిన్నతనంలో చదువు వదిలి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి బాగుపడదామని ఇంట్లోంచి పారిపోయిన కుర్రవాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కంటగింపై, చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ఇప్పుడు చెప్పండి. మన ఎనభై అయిదు శాతం ఫారం పట్టుకుని ఈ కుర్రవాడు వస్తే మన కార్యదర్శిగారు ఏమంటారు? "బాబూ, నీకు వర్తించదు" అంటారు. సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఆ మాట అనకపోవడమే మనకు కలిసివచ్చింది.

అందరూ సుబ్బారావులు కారని మీరు అనవచ్చు. కారు. కాకపోతేనేం? డిగ్రీ పూర్తిచేసి బడిపంతులుగానో, నర్సుగానో, గుమాస్తాగానో కుదురుకునే పిల్ల చదువు కూడా చదువే. తొంభై శాతం తెచ్చుకున్నవాడికి కాలేజీలే ఎదురొచ్చి సీటు ఇస్తాయి, ఫీజులో రాయితీ ఇస్తాయి, పేపర్లో ఫొటో వేయించుకుంటాయి. పొద్దున పాలపాకెట్లు వేసి, సాయంత్రం షాపులో కూర్చుని, మధ్యలో కాలేజీకి పోయే పిల్లవాడికి అరవై శాతం వస్తే ఆ అరవైలో ఎంత వున్నదో మనకు తెలియదా? మనలో ఎందరం అలా చదవలేదు? అవసరం ఎక్కువయ్యేకొద్దీ మార్కులు తగ్గుతాయి. మార్కులతో వడపోస్తే అడుగున మిగిలేది అవసరమే.

మన పెద్దవాళ్ళ కాలంలో ఒక పద్ధతి వుండేది. వారాలు చేసుకోవడం. పల్లెటూరి పేద కుర్రవాడు చదువుకోసం బస్తీకి వస్తే ఏడు ఇళ్ళు చూసుకునేవాడు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. రాత్రికి సత్రం అరుగో, గుడి మండపమో. ఏ ఇంటి మీదా బరువు పడేది కాదు. ఏడిళ్ళలో ఒక ఇల్లాలికి జబ్బు చేస్తే పక్కింటావిడ ఆ పూట చూసుకునేది. ఆ కుర్రవాడు చదువు పూర్తయ్యేదాకా తినేవాడు. మార్కులు తగ్గాయని విస్తరి ఎత్తేసిన ఇల్లాలి గురించి నేను వినలేదు.

ఆ పద్ధతిని ఆకాశానికి ఎత్తడం నా వుద్దేశం కాదు. ఆ ఏడిళ్ళ వసారాలు కొన్ని కులాల పిల్లలకే తెరిచి వుండేవి. ఆడపిల్లకు ఆ దారే లేదు. మాల మాదిగ కుర్రవాడు ఆ వీధిలో నడవడమే నేరంగా వున్న రోజులవి. కాకినాడలో పిఠాపురం రాజావారు హరిజన విద్యార్థులకు వసతిగృహం నడిపించడం ఆ లోటు తెలిసినందువల్లనే. అంబేద్కర్‌కు ఏ వీధిలో వారం దొరికేది? 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళకు ఇచ్చిన వేతనం మీద ఆయన న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం చేరారు. తిరిగివచ్చి బరోడా కొలువు చేయాలన్నది షరతు. చేయడానికే 1917లో వచ్చారు. ఆ వూళ్ళో అద్దెకు గది ఇచ్చినవాడు లేడు, కొలువు వదిలి పోవలసివచ్చింది. డబ్బు ఇవ్వడం ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1944లో షెడ్యూల్డు కులాల వారికి మెట్రిక్ పై చదువులకు ప్రభుత్వ వేతనాలు మొదలయ్యాక గాని, ఏ రాజావారి దయతోనూ పనిలేకుండా పట్టిక ప్రకారం అందేది ఒకటి ఏర్పడలేదు.

కనక వారాల్లోని కులాన్ని అవతల పారేద్దాం. మిగిలినది చూద్దాం. వంతులు వేసుకోవడం, ఆగకుండా పెట్టడం, చప్పుడు చేయకపోవడం. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. ఏడాదికొకసారి, ఒక్క పూట, వూరందరినీ పిలిచి పెడుతున్నాం. ఏడాదికొకసారి పెట్టే భోజనాన్ని మనవాళ్ళు తద్దినం అంటారు, వారం అనరు.

కులం మాట వచ్చింది గనక ఇంకొకటి. ఇక్కడ కులానికొక సంఘం, ఆ సంఘానికొక స్కాలర్‌షిప్పు పెరుగుతున్నాయి. ఎవరి డబ్బు వారిష్టం అంటే నేనేమీ అనలేను. అందరి పేరా పెట్టిన సంఘాల్లో మాత్రం ఎంపిక సంఘం ఎలా కూర్చుంటున్నదో చూడండి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత పుట్టింది మన దగ్గరే.

ఇప్పుడు అసలు కష్టంలోకి వస్తాను. గల్ఫులో పనిచేసేవారి పిల్లల పేదరికం ఎవరికీ కనబడదు. వూళ్ళో "వాళ్ళమ్మ కువైట్లో వుంది" అంటే చాలు, ఆ పిల్ల ఫీజుకోసం ఎవరి గడప తొక్కినా నవ్వుతారు. కాలేజీ గుమాస్తా కూడా నవ్వుతాడు. లెక్క వేద్దాం. 2016లో ఈ దేశంలో ఇంటిపనివారికి కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. దినారుకు 270 రూపాయల చొప్పున వేసుకున్నా ఏడాదికి ఒక లక్షా తొంభై నాలుగు వేల నాలుగు వందలు. ఆంధ్రలో ఫీజు పథకాలకు పెట్టిన ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. అంటే ఆ తల్లి పన్నెండు నెలలు ఒక్క దినారు కూడా ఖర్చు పెట్టకుండా మొత్తం ఇంటికి పంపినా ఆ ఇల్లు ప్రభుత్వ లెక్కలోనే పేద ఇల్లు. ఏజెంటు అప్పు, వడ్డీ, ఇంట్లో ముసలివాళ్ళ మందులు నేను లెక్కలో వేయలేదు. ఆ పిల్ల తల్లి చీటీ వేసి, చిన్న చిన్న మొత్తాలు పంపి కాలేజీలో చేర్పించింది. మనం ఆ తల్లి పనిని మైకులో చదివి చప్పట్లు కొట్టించాం. ఆవిడ ఆ సభకు రాలేదు. సెలవు దొరకలేదు.

"ప్రభుత్వం ఫీజు రీయింబర్సుమెంటు ఇస్తున్నది గదా, మనమెందుకు?" అని అడిగేవారున్నారు. 2008 ప్రాంతంలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పెట్టిన ఆ పథకం వల్ల వేలకొద్దీ ఇళ్ళలో మొదటి పట్టభద్రులు తయారయ్యారు, కాదనను. 2020లో ఆంధ్రలో అది తల్లుల ఖాతాలోకి పోయే పద్ధతి అయింది. వసతి ఖర్చుకు డిగ్రీవారికి ఏడాదికి ఇరవై వేలని మరో పథకం వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఫీజు మళ్ళీ కాలేజీ ఖాతాలకే అన్నారు. పేర్లు మారుతున్నాయి, ఖాతాలు మారుతున్నాయి, బకాయిలు మాత్రం మారడం లేదు. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులే మూసుకున్నాయి. బకాయి పెట్టేది ప్రభుత్వం. హాల్‌టికెట్టు ఆపేది విద్యార్థికి. టి.సి. ఆపేది విద్యార్థికి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. చెప్పినంత మాత్రాన గుమాస్తా బీరువా తాళం తీస్తాడా?

మన డబ్బుకు చోటు సరిగ్గా ఇక్కడ వున్నది. ట్యూషన్ ఫీజు ప్రభుత్వం చూసుకుంటుందనుకున్నా పరీక్ష ఫీజు, మెస్సు బిల్లు, బస్సు పాసు, రికార్డు పుస్తకాలు, ల్యాబు కోటు, ఇవి మిగులుతాయి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చదువు ఒకప్పుడు మూడు రూపాయల పరీక్ష ఫీజు దగ్గర ఆగిపోయే స్థితికి వచ్చింది. ఆ మూడు రూపాయల కోసం ఆ కుర్రవాడు బంధువుల ఇంటికి కాలినడకన పోయి వట్టి చేతులతో తిరిగివచ్చాడు. ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని సాకుతున్న తల్లి చివరకు పట్టుచీర తాకట్టు పెట్టింది. గడువు దాటాక మూడువందలు తెచ్చి ఇచ్చినా ఆ పరీక్ష పోయినట్టే. ఆయనకు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు దొరకడం వల్ల పై చదువు సాగింది. కుర్రవాణ్ణి దగ్గర పెట్టుకుని, రాజమండ్రి తీసుకుపోయి చదివించారాయన. ఆరడుగుల చెక్కు ఎవరూ పట్టుకోలేదు.

మన చెక్కు ఎప్పుడు పోతున్నది? ఫీజులు కట్టవలసింది జూలై ఆగస్టుల్లో, మళ్ళీ సెమిస్టరు పరీక్షలకు ముందు. జూలై ఆగస్టుల్లో ఇక్కడ మన కార్యవర్గం సగం సెలవు మీద ఇండియాలో వుంటుంది. సభ పెట్టేది సంక్రాంతికో ఉగాదికో. ముఖ్య అతిథి తేదీ దొరికిందాకా పిల్ల ఫీజు ఆగుతుంది. ఈలోగా ఆ ఇంట్లోవాళ్ళు నూటికి మూడు, నాలుగు వడ్డీకి తెచ్చి కట్టేస్తారు. మన చెక్కు వెళ్ళి ఆ వడ్డీవ్యాపారి ఇంట్లో పడుతుంది. ఒక విధంగా మనం ఉపకారం చేస్తున్నది ఆయనకే!

ఇంకొక సంగతి వయసు మళ్ళినవారికి చెప్పనక్కరలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చినప్పుడు ఈ దేశంలోని భారతీయులు లక్షా డెబ్బై వేలమంది, కట్టుబట్టలతో, అమ్మాన్ మీదుగా, ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. ఆగస్టు అంటే కాలేజీలు తెరిచిన రోజులు. ఆ ఏడు చేరిన పిల్లల్లో ఎందరు రెండో ఏడు కట్టగలిగారు? ఐక్యరాజ్యసమితి ద్వారా పరిహారం వచ్చింది, నిజమే, వచ్చేసరికి ఏళ్ళు గడిచాయి. అంతటి మూడో ఏడు, నాలుగో ఏడు పరీక్షలు ఆగవు గదా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జీతాలు ఆగాయి, మనుషులు తిరుగుముఖం పట్టారు. గల్ఫు సంపాదన ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. డిగ్రీకి మూడేళ్ళు, ఇంజనీరింగుకు నాలుగేళ్ళు పడుతుంది. అందుకే ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే స్కాలర్‌షిప్పు మన జనానికి అసలు పనికిరాదు. మొదటి ఏడు చేర్పించి రెండో ఏడు వదిలేయడం కంటే పాపం లేదు.

నాకు ఎదురుచెప్పేవారి మాటలు రెండు మూడు వున్నాయి. "వేదిక లేకపోతే దాతలు రారండీ" అన్నది మొదటిది. ఇందులో కొంత నిజం వున్నది. అయితే దాతను వేదిక ఎక్కించండి, వద్దన్నదెవరు? శాలువా కప్పండి, ఫొటో వేయండి, మన పత్రిక మొదటి పేజీలో వేయండి. విద్యార్థిని ఎక్కించవద్దన్నదే నా మాట. దాత ముఖం చూపించడానికి విద్యార్థి ముఖం ఎందుకు? గుళ్ళో చందాల పట్టికలో పేరు రాయించుకునేవారూ వుంటారు, గుప్తదానం అని రాయించుకునేవారూ వుంటారు. ఏ పట్టికలోనూ ప్రసాదం తిన్నవాడి పేరు వుండదు.

రెండోది, "మోసం జరుగుతుంది, అవసరం లేనివాడు ఎగరేసుకుపోతాడు" అని. ఇప్పుడు జరగడం లేదా? ఆదాయ ధృవపత్రం తెచ్చుకోవడం వున్నవాడికి తేలిక, లేనివాడికి కష్టం. వున్నవాడికి ఆఫీసులో తెలిసినవాళ్ళుంటారు. ఫొటో, మార్కుల జాబితా, తల్లి వీసా నకలు ఇవన్నీ అడిగి మోసాన్ని ఆపలేదు, ఆ ఇంటి గుట్టు మాత్రం బయటపెట్టాం. డబ్బును విద్యార్థి చేతికి గాక నేరుగా మెస్సుకో, కాలేజీ పరీక్షల విభాగానికో కట్టి రసీదు తీసుకుంటే మోసానికి పెద్దగా చోటుండదు. పండగ బట్టలకు ఎవరూ మెస్సు బిల్లు కట్టించుకోరు.

మూడోది మన కోశాధికారుల మాట. "వసూలు చేసి ఒకచోట చేర్చాలి గదా" అంటారు. అయ్యా, ఆ మాట కొంచెం మెల్లగా అనండి. ఈ దేశంలో సాంఘిక వ్యవహారాల శాఖ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. రసీదు పుస్తకాలు అచ్చు వేసి గదులగుండా తిప్పేవారు ఎవరి మెడకు ఉరి తెస్తున్నారో చూసుకోవాలి. పట్టుబడితే పోయేది అధ్యక్షులవారి కారు కాదు, రసీదు చింపి ఇచ్చిన డ్రైవరు సోదరుడి అకామా.

అసలు ఒకచోట చేర్చవలసిన పనే లేదు. మనకు ఒక సౌకర్యం వున్నది. అమెరికాలో పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు ఇండియాలో ఒక సంస్థకు డబ్బు పంపితే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద లెక్కలు, అనుమతులు వుంటాయి. కువైట్ మనకు పౌరసత్వం ఇవ్వలేదు, ఇవ్వదు. ముప్పై ఏళ్ళున్నా మన చేతిలో వున్నది భారత పాస్‌పోర్టే. భారత పౌరుడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం కాదు. ఎన్నో విధాలుగా మనకు లోటైన సంగతి ఈ ఒక్క పనికి మేలయింది. ప్రతినెలా ఇంటికి పంపుతూనే వున్నాం, అదే దారిన ఇదీ పోతుంది.

ఇక చేయవలసింది. ఏడుగురు చేరాలి. ఒక విద్యార్థి మెస్సు ఖర్చుకు నెలకు 14 దినార్లు వేసుకుందాం, 270 లెక్కన 3,780 రూపాయలు. మొదటి నెల ఒకరు తన ఖాతా నుంచి నేరుగా హాస్టలు ఖాతాకు పంపుతారు, రెండో నెల రెండోవారు. ఏడు నెలలకు గాని తన వంతు మళ్ళీ రాదు. అంటే మనిషి మీద పడేది నెలకు రెండు దినార్లు, ఫహాహీల్ నుంచి మాలియాకు వచ్చి టీలు తాగి పోయేపాటి ఖర్చు. ఎవరికైనా ఉద్యోగం పోతే, ఫైనల్ ఎగ్జిట్ పడితే, మిగిలిన ఆరుగురు ఎనిమిదో మనిషిని వెతుకుతారు. కోశాధికారి అక్కరలేదు, రసీదు పుస్తకం అక్కరలేదు, వేదిక అక్కరలేదు. పాసయితే చాలు, తప్పితే మరో అవకాశం ఇచ్చి చివరి పరీక్ష రాసేదాకా నడపాలి.

సంఘం చేయవలసింది ఒక్కటే. ఫారం మార్చడం. ఫొటో గడి తీసేయాలి. మార్కుల శాతం గడి తీసేసి, "ఏ తేదీలోగా ఎంత కట్టాలి" అన్న గడి పెట్టాలి. తల్లిదండ్రుల వృత్తి గడిని ఎంపిక సంఘంలో ఒక్కరు చూస్తే చాలు. "కృతజ్ఞతా సందేశం పంపుతానని హామీ ఇస్తున్నాను" అన్న వాక్యం ఎవరి బుర్రలో పుట్టిందో గాని, దాన్ని కొట్టేయాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ నాలుగు సవరణలు నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు ఒక్కరు చాలు.

సవరణలు నెగ్గినా నెగ్గకపోయినా మొదటి ఏడుగురి పని ఆగదు. ఇప్పటికి నలుగురం అయ్యాం. ఇద్దరు మహబూలా గదుల్లో వున్నవారు, ఒకరు ఇంటిపని చేసే సోదరి. ఇంకా ముగ్గురు కావాలి. పరీక్ష ఫీజు గడువు లోపల చేరాలి. చేరినవారికి హాస్టలు ఖాతా నంబరు, విద్యార్థి ప్రవేశ సంఖ్య ఇస్తాం. పేరు ఇవ్వం.